ఇదే మన గుడిసె

కనుమ మీద పొగమంచులో మూడు కాలిబాటలు కనిపించాయి. బోగ్నా కుడిదాన్ని వదిలేసింది, మధ్యదాన్నీ వదిలేసింది, ఎడమదాన్ని పట్టుకుంది. వెనకాల ఏడుగురు నిలబడి ఆమె వీపునే చూస్తున్నారు. ఆ చూపులకి తాళలేక కాళ్ళు ఎటో ఒకవైపు కదిలాయి, అంతే.

"ఇటే," అంది గట్టిగా. గట్టిగా అనేస్తే నిజమైపోతుందని మనుషులకి అదో నమ్మకం.

ఎవరూ మారు మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా. క్రాకోవ్‌లోని ఈ విద్యార్థుల కొండదారుల సంఘం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రాత్రి వీళ్ళు చేసిన పనికి అందరికీ మతి పోయిందనుకుంటారు. కొండల్లో గుంపుని నడిపించడం ఏడాదిన్నర నేర్పిస్తారు. ఆఖరి పరీక్ష సరిహద్దు అవతల, స్లోవాక్ వాళ్ళ కొండల్లో ఒక శని, ఆదివారం. చెట్లకి రంగు గుర్తులు వేసిన బాటలు ఈ పరీక్షకి పనికిరావు. ఫోన్లు కవర్లో పెట్టి అంటించేస్తారు. ఒక్కొక్కరికి కొంత దారి అప్పగిస్తారు. ఆ దారి మరొకరికి అప్పగించేదాకా వాళ్ళదే మాట. వాళ్ళు తిన్నగా గోతిలోకి నడిపించినా మిగతావాళ్ళు వెంట నడవాల్సిందే. తప్పని తెలిసినా చెప్పకూడదు, దగ్గకూడదు, కనుబొమ్మ ఎగరెయ్యకూడదు. నెగ్గినవాళ్ళ చొక్కాకి ఒక ఇత్తడి బిళ్ళ పెడతారు. అరచేతిలో సగం కూడా ఉండదు ఆ బిళ్ళ. దానికోసం పడే పాట్లు మాత్రం అన్నీ ఇన్నీ కావు.

బోగ్నాకి ఇది రెండోసారి. మూడోసారి లేదు.

ఆమెది ఉత్తరాన సముద్రం దగ్గర ఊరు. చదువుకి క్రాకోవ్ వచ్చిన కొత్తలో ఆర్నెల్లు ఎవరితోనూ మాటల్లేవు. గురువారం సాయంత్రాలు సంఘం గదికి వెళ్ళడం మొదలుపెట్టాకే ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, ఏడిపించేవాళ్ళు, జ్వరమొస్తే సూప్ తెచ్చిచ్చేవాళ్ళు దొరికారు. రెండుసార్లూ తప్పినవాళ్ళని ఆ గదికి రావద్దని ఎవరూ అనరు. వాళ్ళే రావడం మానేస్తారు. అలా మానేసినవాళ్ళని బోగ్నా ముగ్గుర్ని చూసింది. నాలుగోది తను కాకూడదు. ఆమె బాధంతా అదే.

అందుకే ఒక వెధవపని చేసింది. అదేమిటో తర్వాత చెప్తాను.

ఎడమ బాట కిందికి దిగింది. పటం ప్రకారం అరగంట నడిస్తే రెండంతస్తుల దుంగల గుడిసె రావాలి, వాగు కుడిచేతివైపు పారాలి. కాసేపటికి వాగు రానే వచ్చింది. ఎడమచేతివైపు.

బోగ్నా గడియారం చూసుకుంది. నాలుగున్నర. నవంబరు నెల, వెలుగు అప్పుడే పోతోంది. ఆగి వెనక్కి తిరిగి, "తప్పాను, కనుమకి పోదాం పదండి," అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగింది కూడా. పరీక్ష పెట్టే సెవెరిన్ అందరికంటే వెనకాల, టోపీ కనుబొమ్మలదాకా లాక్కుని, చిన్న నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు. ముప్పై దాటినవాడు, సంఘంలో పాత కాపు. ఆ పెన్సిలు చూడగానే నాలుక చివరి మాట కాస్తా గొంతులోకి జారిపోయింది.

"నీళ్ళు తాగండి అందరూ," అంది.

"ఆహా, నీళ్ళా," అన్నాడు ఇవో. పొడుగ్గా ఉంటాడు, నోరు ఊరుకోదు. "దాహంగానే ఉంది పాపం, నీ దయ."

పక్కనున్న కలీనా వాడి మోచేతి మీద పొడిచింది. కలీనా బోగ్నాతోపాటే నేర్చుకున్న పిల్ల, మరునాడు పొద్దున దారి ఆమెది. వాళ్ళిద్దరూ వాగుని చూశారు. వాగు ఎటు పారుతోందో చూశారు. తర్వాత శ్రద్ధగా ఆకాశం చూశారు. ఆకాశంలో పొగమంచు తప్ప ఏమీ లేదు.

ఐదుంపావుకి, ఏ పుణ్యమో, దేవదారు చెట్ల మధ్య ఒక గుడిసె కనిపించింది. ఒకే గది. అంతస్తు లేదు, పక్కన ఊట లేదు. తాళం మాత్రం లేదు. లోపల ఇనప పొయ్యి, నాలుగు బల్లలు, మూల చీల్చిన కట్టెలు.

"వచ్చేశాం," అంది బోగ్నా. "ఇదే మన గుడిసె."

ఆ తర్వాత కాసేపు ఎవరూ గుమ్మం దాటలేదు. ఇవో తలెత్తి లేని రెండో అంతస్తుని వెతికాడు. కలీనా నీళ్ళ డబ్బా పట్టుకుని, లేని ఊట కోసం గుడిసె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వాగు నీళ్ళే నింపుకొచ్చింది. సెవెరిన్ బూట్ల మట్టి దులుపుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన వెనక అందరూ వెళ్ళారు. తప్పు గుడిసె అని ఎనిమిది మందికీ తెలుసు. తెలుసని ఒకరికొకరికి తెలుసు. నోరు విప్పగలిగింది ఒక్క బోగ్నాయే. ఆమె బల్ల మీద కూర్చుని బూటుతాడు ముడి విప్పుతోంది. ఎంతకీ రావడం లేదా ముడి.

పొయ్యి రాజేశారు. బక్‌వీట్ గింజలు ఉడకేసి డబ్బా మాంసం కలిపారు. తేనీట్లో రాస్ప్‌బెర్రీ పాకం పోసుకున్నారు. మామూలుగా అయితే ఈపాటికి గిటారు బయటికి రావాలి, పాటలతో పైకప్పు ఎగిరిపోవాలి. ఈసారి గిటారు సంచిలోంచి దిగలేదు. పాడుకుందామన్నా ఎలా పాడతారు, నవ్వినా తప్పేమోనని అందరికీ భయం. "ఉప్పు సరిపోయిందా?" "సరిపోయింది." "కట్టెలు బాగా ఎండినయ్యి." "అవునవును." పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే హాయిగా మాట్లాడుకుంటారు.

ఇదిలా ఉండగా బోగ్నా చేతి గడియారం ఆరున్నర చూపించింది. ఆమెకి ముద్ద దిగడం మానేసింది.

ఇప్పుడు ఆ వెధవపని సంగతి. తీమోన్ అని ఒకడున్నాడు. పోయిన వసంతంలో బిళ్ళ తెచ్చుకున్నాడు. బోగ్నా అంటే వాడికి ప్రాణం, వాడంటే ఆమెకీ అంతే. శనివారం మధ్యాహ్నందాకా వాడికి ప్రయోగశాలలో పనుంది. అది చూసుకుని వెంటనే బస్సెక్కి, కింది ఊరినుంచి ఒంటరిగా నడిచి, ఆరున్నరకి గుడిసెలో గుంపుని కలుసుకుంటానన్నాడు. ఆలస్యంగా వచ్చి కలవడం వాళ్ళలో మామూలే, సెవెరిన్ కూడా సరేనన్నాడు. సెవెరిన్‌కి తెలియని ముక్క ఒకటుంది. బుధవారం ట్రామ్ స్టాపులో బోగ్నా వాడి కోటు పట్టుకుని బతిమాలింది.

"ఆ కనుమ దగ్గరే తప్పుతాను నేను. నాకు తెలుసు. నువ్వు గుడిసెకొచ్చేసరికి మేం లేకపోతే కనుమకి ఎక్కి లైటు ఊపు. నేను ఎక్కడున్నా చూసి తిరిగొచ్చేస్తాను. ఆరుసార్లు ఊపకు, ఆపదనుకుని రెస్క్యూ వాళ్ళు దిగుతారు. మూడుసార్లు ఊపి ఆపు."

"పట్టుబడితే నా బిళ్ళ పీకి గది తలుపుకి మేకు కొడతారే," అన్నాడు తీమోన్. నిజమే. పరీక్షలో ఉన్నవాళ్ళకి సాయం చేసినవాడికి అదే శిక్ష. ఆ తలుపు మీద ఇప్పటికే రెండున్నాయి.

"పట్టుబడం."

"సరేలే. నువ్వొచ్చేదాకా అక్కణ్ణించి కదల్ను, చాలా?"

వాడు మాటంటే మాటే. అదే వచ్చిన చిక్కు. ఆరున్నరకి వాడు అసలు గుడిసె చేరి ఉంటాడు. పొయ్యి చల్లగా ఉంటుంది. ఏడింటికల్లా కనుమ మీద ఉంటాడు. ఈ గుడిసె కిటికీకి ఎదురుగా కొండ అడ్డం. వాడు లైటు ఊపినా ఇక్కడికి కనిపించదు. ఆ సంగతి వాడికి తెలియదు.

బయట పొగమంచు పోయింది. బదులు మంచువాన మొదలైంది. రేకు కప్పు మీద చిటపటమంటోంది.

"తీమోన్ గాడికేం, హాయిగా ఉంటాడు," అన్నాడు ఎవరో మూలనుంచి. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "అంటే... ఎక్కడున్నా హాయిగా ఉంటాడని."

సెవెరిన్ తలెత్తి, "కట్టెలూ పొయ్యీ ఉన్నచోట ఎవరికీ ఏమీ కాదు," అన్నాడు. అది అందరికీ ధైర్యం చెప్పడానికి. ప్రాణం మీదికొస్తే తప్ప తను నోరు విప్పడు. తీమోన్ అసలు గుడిసెలో వెచ్చగా పడుకుని ఉంటాడని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని తెలిసిన మనిషి గదిలో ఒక్కతే.

బోగ్నా తనకి తాను ఎన్ని చెప్పుకుందో. వాడేమన్నా చిన్నపిల్లాడా? వాన పడితే దిగిపోడా? అరగంట చూస్తాడు, తిట్టుకుంటాడు, దిగిపోతాడు. ఇప్పుడు నోరు విప్పితే తనొక్కతే పోతే పోనీ, వాడి బిళ్ళ కూడా పోతుంది. వాడి మంచికేగా ఊరుకుంటున్నది! ఇలా అనుకున్నప్పుడు రెండు నిమిషాలు ఊపిరాడేది. మూడో నిమిషంలో, కదల్నన్న మాట చెవిలో వినిపించేది. ఏడున్నరైంది. ఎనిమిదైంది. గది ఉన్నంతే ఉంది కానీ ఆమెకి గోడలు దగ్గరికొస్తున్నట్టు అనిపించింది. తలుపు తీసుకుని వెళ్ళిపోదామంటే తనెందుకు వెళ్తోందో చెప్పాలి. ఆవలింత వచ్చినట్టు నటిస్తూ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

అప్పుడు తలుపు దభాల్న తెరుచుకుంది. తడిసి ముద్దయిన కుక్క, దాని వెనక తడిసి ముద్దయిన ముసలాయన. అడవి కావలి మనిషి. ఆయన మాట్లాడింది స్లోవాక్ అయినా క్రాకోవ్ పిల్లలకి ముప్పాతిక అర్థమవుతుంది.

"ఓహో! పోలండు పోరగాండ్లా! మంచిగైంది, పొయ్యి ఎలిగించిన్రు. ఎవ్వలూ రారు ఈడికి. జనమంత ఆ పెద్ద గుడిసెకే పోతరు. ఇదేమో మన..."

"పెద్దాయనా!" కలీనా ఒక్క గెంతులో ఆయన ముందు వాలింది. "టీ తాగుతారా? వేడిగా ఉంది!"

"తాగుత బిడ్డా, ఎందుకు తాగ. గని ఈ గుడిసె పేరు..."

"పేరు చెప్పకండి!" ఇవో చేతులు జోడించాడు. "మీకు పుణ్యముంటుంది, చెప్పకండి!"

"ఏంది? ఎందుకు చెప్పొద్దు? మీకు ఎరుకేనా ఏడున్నరో?"

ఎరుకే అన్నా తప్పే, లేదన్నా తప్పే. ముసలాయన ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పోయాడు. అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు.

"ఏడున్నరో ఎరుక లేదు, చెప్తనంటే ఇనరు. చదువుకున్నోళ్ళు!" ఆయన కుక్కతో అన్నాడు. కోటు విప్పి పొయ్యి దగ్గర ఆరేసి, టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. కాసేపు చలి గురించి, తన మోకాళ్ళ గురించి చెప్పాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "మీ అసుంటోడే ఇంకొకడున్నడు పైన. కనుమ మీద. బత్తి మూడుసార్లు ఊపుడు, ఆగుడు, మల్ల మూడుసార్లు. గింత వానల! కిందికెల్లి కేకేసిన, గాలికి ఇనపడలే. ఎక్కుదామంటే మోకాళ్ళు రావాయె."

సెవెరిన్ గ్లాసు కింద పెట్టాడు. "మూడుసార్లేనా? ఆరు కాదా?"

"మూడే. నిలబడి లెక్కవెట్టిన."

"ఆరైతే ఆపద. మూడంటే, నీ సైగ చూశాను అని జవాబు," అన్నాడు సెవెరిన్, భుజాలు వదులు చేసుకుంటూ. "ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారన్నమాట. ఎంతసేపైంది మీరు చూసి?"

"గంటైతది."

ఆరుసార్లు ఊపకు అని చెప్పింది తనే. అలా చెప్పకపోయి ఉంటే సెవెరిన్ ఈ క్షణం బూట్లు తొడుక్కుంటూ ఉండేవాడు. అప్పటికీ, దేవుడి మీదొట్టు, అప్పటికీ బోగ్నా వెంటనే నోరు విప్పలేదు. ముసలాయన రెండో గ్లాసు టీ తాగేదాకా కూర్చుంది. కుక్క ఆమె మోకాలి మీద తడి మొహం పెట్టింది. దాని మెడ మీది మంచుముక్క కరగడం లేదు. పొయ్యి పక్కనే ఉంది, అయినా కరగడం లేదు. దాన్నే చూస్తూ బోగ్నా లేచి నిలబడింది.

"అది తీమోన్."

"తీమోన్ కనుమ మీదెందుకుంటాడే," అంది కలీనా, "వాడు గుడి..." అని ఆగిపోయింది.

"ఇది మన గుడిసె కాదు," అంది బోగ్నా. "మీకందరికీ తెలుసు. నాకూ తెలుసు. తీమోన్‌ని కనుమ మీదికి నేనే రమ్మన్నాను. దారి తప్పితే లైటు చూపించమన్నాను. మూడుసార్లని నేనే చెప్పాను. నేనొచ్చేదాకా వాడు కదలడు. ఏడింటినుంచీ అక్కడే ఉన్నాడు."

ఇవో గ్లాసు కింద పెట్టి కోటు అందుకున్నాడు.

సెవెరిన్ నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "బూట్లు," అన్నాడు. "ఇవో, కలీనా, మీరు నాతో. మిగతావాళ్ళు పొయ్యి ఆరకుండా చూడండి. పొడి బట్టలన్నీ తియ్యండి. ఫ్లాస్కులు నింపండి." తర్వాత బోగ్నా వైపు తిరిగాడు. "ముందు నువ్వు నడు. దారి ఇంకా ఎవరికీ అప్పగించలేదు నువ్వు."

నెత్తిన లైట్లు కట్టుకుని నలుగురూ బయల్దేరారు. గంటంపావు ఎక్కుడు. మంచువాన మొహాన కొడుతోంది. ఆ రాత్రి బోగ్నా ఒక్కచోట కూడా తడబడలేదు. ఒక్క మలుపు తప్పలేదు. పడిపోయిన చెట్టు, వాగు మీది మొద్దు, బండల మధ్య సందు, అన్నీ వాటంతట అవే కాళ్ళ ముందుకొచ్చాయి. పగలు ఎక్కడ పోయిందో ఈ తెలివి అనుకుని ఏడుపొచ్చింది ఆమెకి. ఏడుస్తూనే ఎక్కింది.

తీమోన్ కనుమ మీద ఒక రాయి చాటున ముడుచుకుని ఉన్నాడు. లైటు గుడ్డిగా వెలుగుతోంది. అరచేతిని దాని ముందు అడ్డం పెడుతున్నాడు, తీస్తున్నాడు. మూడుసార్లు. వీళ్ళు ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. సెవెరిన్ వంగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఆగింది.

పొడి చొక్కా తొడిగారు. వేడి టీ గుటక గుటకగా పోశారు. వాడి గ్లవ్స్ గడ్డకట్టి కర్రల్లా ఉన్నాయి. బోగ్నా తన గ్లవ్స్ విప్పి వాడి నీలపు వేళ్ళకి తొడిగింది. చాలాసేపటికి వాడి పెదాలు కదిలాయి.

"ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నాడు సెవెరిన్.

"దారి తప్పాను."

"బిళ్ళ ఉన్నవాడివి."

"ఉంటే? తప్పకూడదా?" పళ్ళు కొట్టుకుంటున్నాయి వాడికి. "గుడిసె దొరకలేదు. ఎక్కాను. అంతే."

"తనే రమ్మన్నానని ఈవిడ అంటోంది."

"ఈవిడకి పిచ్చి," అన్నాడు తీమోన్. అని బోగ్నా వైపు చూసి నవ్వబోయాడు. మొహం బిగుసుకుపోయి ఆ నవ్వు రాలేదు.

సెవెరిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కలీనా, ఇవో అవతలికి తిరిగి నిలబడ్డారు. "ఇద్దరూ రెండు మాటలు చెప్పారు," అన్నాడు సెవెరిన్ నెమ్మదిగా. "నేను రాసుకునేది ఒకటే. బోగ్నా, ఆఖరిసారి అడుగుతున్నా. ఏది రాయమంటావ్?"

తప్పించుకోమని తలుపు తెరిచి పట్టుకున్నట్టే ఉంది ఆయన అడగడం. దూరిపోతే చాలు. దారి తప్పడం పెద్ద తప్పు కాదు, ఒప్పుకుని వెనక్కి నడిపించింది కదా, బిళ్ళ వచ్చినా రావచ్చు. తీమోన్ బిళ్ళకి ఢోకా లేదు.

"నేను చెప్పిందే రాయి," అంది బోగ్నా. "నేనే రమ్మన్నాను. పాపం, వాడు వద్దనే అన్నాడు."

సెవెరిన్ తలూపాడు. "మిగతాది క్రాకోవ్‌లో మాట్లాడుకుందాం. పదండి, వీణ్ణి నడిపిస్తూ ఉండాలి."

దిగుతున్నారు. ముందు బోగ్నా, పక్కన ఆమె చెయ్యి పట్టుకుని తీమోన్. మిగతా ముగ్గురూ కొంచెం వెనగ్గా.

"ఎందుకే చెప్పావ్? నేను కాస్తున్నాగా," అన్నాడు తీమోన్.

"ఇంక చాలనిపించింది."

"పోనీలే. తలుపుకి మేకు కొడితే కొట్టనీ. మూడోది నాది. పక్కన నీది కూడా ఉంటే బాగుండేది, నీకసలు లేదాయె." వాడి నవ్వు ఈసారి వచ్చింది. ఆమె వేళ్ళు నొక్కాడు. "నిజం చెప్పనా? తొమ్మిదైనాక భయమేసింది. నువ్వే ఏ గోతిలోనో పడ్డావనుకున్నా. అందుకే దిగలేదు. ఇవో చెప్పిన ఆ ముసలాయన రాకపోతే తెలిసేదే కాదు కదా నీకు, దారి తప్పారని? తెలిసిన వెంటనే వచ్చేశావ్. నాకది చాలు."

బోగ్నా నాలుగడుగులు నడిచింది. ఏమీ అనక్కర్లేదు. ఊ అంటే సరిపోతుంది. ఊ అనకపోయినా సరిపోతుంది.

"నాకు నాలుగున్నరకే తెలుసు," అంది.

"నాలుగున్నరకి ఏం తెలుసు?"

"తప్పు దారని. నాలుగున్నరకే తెలుసు, తీమోన్. ఆరున్నరకి నువ్వు వచ్చి ఉంటావని తెలుసు. ఏడింటికి ఇక్కడుంటావని కూడా తెలుసు."

వాడు ఆగిపోయాడు. లైటు వెలుగులో మంచు చుక్కలు ఇద్దరి మధ్యా రాలుతున్నాయి. వాడు వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకున్నట్టుంది. తర్వాత గ్లవ్స్ ఒకటొకటిగా లాగేసి, ఆమె చేతిలో పెట్టాడు.

"తొడుక్కో, వేళ్ళు పోతాయ్," అంది బోగ్నా.

తీమోన్ బాట పక్కకి జరిగి నిలబడ్డాడు. ఇవో దాటాడు, కలీనా దాటింది. సెవెరిన్ వచ్చేదాకా ఆగి, ఆయన పక్కన నడవడం మొదలుపెట్టాడు. "నా గ్లవ్స్ తీసుకో," అని సెవెరిన్ అనడం, వాడు తీసుకోవడం బోగ్నాకి వినిపించాయి. ఆమె ముందు నడుస్తూ బండల సందు ఎక్కడుందో చెప్పింది, మొద్దు జారుతుంది జాగ్రత్త అని చెప్పింది. వెనకనుంచి నలుగురిలో ముగ్గురు సరే అన్నారు.